పాఠం 14: సాధారణ చర్మ అంటువ్యాధులు – వాటిని గుర్తించడం

14.1 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు

– చర్మం మన శరీరాన్ని ఏ విధంగా కాపాడుతుందో వివరించగలుగుతారు;
– చర్మంపై కనిపించే మచ్చను లేదా పొక్కును ఒక క్రమపద్ధతిలో పరిశీలించగలుగుతారు;
– గజ్జి, తామర, శోభి, చీముపొక్కులు, సెగ్గడ్డలు, ఆటలమ్మ, సర్పి, కుష్ఠు వ్యాధుల ముఖ్య లక్షణాలను చెప్పగలుగుతారు;
– దుకాణంలో కొన్న క్రీమును తెలియక రాయడం వల్ల కలిగే నష్టాన్ని గ్రహించగలుగుతారు;
– ఏ పరిస్థితులలో ఆలస్యం చేయకుండా వైద్యుని వద్దకు వెళ్లాలో నిర్ణయించుకోగలుగుతారు.

14.2 పరిచయం

ఒంటిమీద దురద పుడితే మనం ఊరుకోము. గోకుతాం, ఇంట్లో ఉన్న నూనె రాస్తాం, మందుల దుకాణానికి వెళ్లి "దురదకు ఏదైనా ట్యూబు ఇవ్వండి" అని అడుగుతాం. అదే, వీపుమీదనో మోచేతి దగ్గరనో కొంచెం పాలిపోయిన మచ్చ ఒకటి ఉండి, దానికి నొప్పి, దురద ఏమీ లేకపోతే ఏళ్ల తరబడి దాని సంగతే పట్టించుకోము.

ఈ రెండు అలవాట్లూ నష్టం చేసేవే. దురద పెట్టే తామరకు తొందరపడి రాసిన క్రీము కొన్నిసార్లు ఆ తామరనే పెంచుతుంది. దురద లేదని వదిలేసిన మచ్చ కుష్ఠువ్యాధి మొదటి గుర్తు కావచ్చు. బాధ ఎంత ఉందన్నదాన్ని బట్టి వ్యాధి ఎంత పెద్దదో అంచనా వేయకూడదు. మచ్చ ఎలా ఉంది, ఎక్కడ ఉంది, ఇంట్లో ఇంకెవరికి ఉంది, దానిమీద స్పర్శ ఉందా అని చూసి తెలుసుకోవాలి. ఈ పాఠంలో నేర్చుకోబోయేది అదే.

ఈ పాఠం మిమ్మల్ని వైద్యులుగా తయారు చేయదు. వైద్యుని వద్దకు ఎప్పుడు వెళ్లాలో, వెళ్లినప్పుడు ఏమి చెప్పాలో నేర్పుతుంది.

14.3 చర్మం – మన రక్షణ కవచం

మన శరీరంలోని పెద్ద అవయవాలలో చర్మం ఒకటి. పెద్దవారిలో దీని వైశాల్యం సుమారు ఒకటిన్నర నుండి రెండు చదరపు మీటర్ల వరకు ఉంటుంది. చర్మంలో ప్రధానంగా రెండు పొరలు ఉంటాయి. పైన ఉన్నది బాహ్యచర్మం. దాని అడుగున ఉన్నది అంతశ్చర్మం. రక్తనాళాలు, స్వేద గ్రంథులు, వెంట్రుకల కుదుళ్లు, స్పర్శను తెలిపే నాడుల కొనలు అంతశ్చర్మంలో ఉంటాయి.

బాహ్యచర్మం పైభాగంలోని కణాలు నిర్జీవమై, గట్టిపడి, ఇంటిపైన పరిచిన పెంకుల వలె ఒకదానిమీద ఒకటి అమరి ఉంటాయి. పాత కణాలు పొట్టుగా రాలిపోతుంటే అడుగు నుండి కొత్తవి వస్తుంటాయి. చర్మంపై ఉండే జిడ్డు, చెమటలోని ఆమ్లగుణం కూడా సూక్ష్మజీవుల పెరుగుదలను అడ్డుకొంటాయి.

చర్మంపై ఎప్పుడూ కొన్ని సూక్ష్మజీవులు నివసిస్తూనే ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం మనకు హాని చేయవు. గీరుకుపోవడం, దోమకాటును గోకడం, చెమటతో చర్మం నానిపోవడం, మధుమేహం వల్ల రోగనిరోధక శక్తి తగ్గడం వంటి కారణాల వల్ల కవచానికి సందు ఏర్పడినప్పుడు సూక్ష్మజీవులు లోపలికి ప్రవేశించి వ్యాధిని కలిగిస్తాయి. ఉక్కపోత, వానలు ఎక్కువగా ఉండే మన దేశంలో ఈ వ్యాధులు సాధారణం కావడానికి వాతావరణం ఒక కారణం. ఒకే గదిలో ఎక్కువమంది పడుకోవడం, నీటి కొరత, తువ్వాళ్లు, దుస్తులు కలిపి వాడడం మిగిలిన కారణాలు.

14.4 పరిశీలించే పద్ధతి: చూడండి, అడగండి, తాకండి

మచ్చను పగటి వెలుతురులో పరిశీలించాలి. రంగు బల్బు వెలుగులో పాలిపోయిన మచ్చలు సరిగా కనిపించవు.

చూడండి: మచ్చ గుండ్రంగా ఉందా? అంచు స్పష్టంగా ఉందా? పొట్టు రాలుతోందా? నీటిపొక్కులా, చీముపొక్కులా? శరీరానికి ఒక పక్కనే ఉందా, రెండు పక్కలా ఉందా?

అడగండి: ఎన్ని రోజులుగా ఉంది? దురద ఉందా? ఏ వేళలో ఎక్కువ? ఇంట్లో ఇంకెవరికైనా ఉందా? ఇంతవరకు ఏమేమి రాశారు?

తాకండి: ఆ చోట వేడిగా ఉందా? నొక్కితే నొప్పి పుడుతుందా? స్పర్శ తెలుస్తోందా? తాకిన తరువాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోండి. చాలా పుస్తకాలలో "చర్మం ఎర్రబడుతుంది" అని రాసి ఉంటుంది. తెల్లని చర్మంపై కనిపించే ఆ ఎరుపు మనవంటి చామనఛాయ, నలుపు చర్మాలపై గోధుమ రంగుగానో, ఊదారంగుగానో, చుట్టూ ఉన్న చర్మం కంటే కొంచెం నల్లగానో కనిపిస్తుంది. కాబట్టి ఎరుపు కనిపించలేదని వాపు లేదనుకోరాదు. చేతి వెనుక భాగంతో తాకి, అదే విధంగా రెండవ పక్క కూడా తాకి, వేడిలో తేడాను గమనించాలి.

పాఠ్యగత ప్రశ్నలు 14.1

1. స్పర్శను తెలిపే నాడుల కొనలు చర్మంలోని ఏ పొరలో ఉంటాయి?
2. మచ్చను పగటి వెలుతురులో ఎందుకు చూడాలి?
3. నల్లని చర్మంపై వాపును గుర్తించడానికి చూపుతో పాటు ఇంకేమి చేయాలి?

14.5 గజ్జి

వైద్యులు దీనిని స్కేబీస్ అంటారు. ఇది సూక్ష్మజీవి వల్ల కాక, కంటికి దాదాపు కనిపించని ఒక చిన్న పురుగు వల్ల వస్తుంది. ఆడపురుగు పొడవు అర మిల్లీమీటరు కంటే తక్కువ. అది బాహ్యచర్మంలో సన్నని సొరంగం తొలిచి గుడ్లు పెడుతుంది. మామూలుగా ఒక రోగి ఒంటిమీద ఉండే పురుగులు 10, 15కు మించవు. దురదకు ముఖ్య కారణం ఆ పురుగుల పట్ల, వాటి గుడ్ల పట్ల, విసర్జనల పట్ల మన శరీరం చూపే ప్రతిచర్య.

ఆరోగ్య కార్యకర్తకు, ఒక తల్లికి మధ్య జరిగే ఈ సంభాషణను చదవండి.

"అమ్మా, బాబుకు దురద ఎప్పుడు ఎక్కువగా ఉంటుంది?"
"పడుకున్నాకే మేడమ్. తెల్లవార్లూ గోకుతూనే ఉంటాడు."
"చేతివేళ్ల సందులు చూపించు నాన్నా. ఇంట్లో ఇంకెవరికైనా దురద ఉందా అమ్మా?"
"మా అత్తమ్మకు నడుము దగ్గర ఉంది. చెమటపొక్కులేమో అనుకున్నాం."

రాత్రిపూట పెరిగే దురద, వేళ్ల సందుల్లో చిన్న పొక్కులు, ఇంట్లో మరొకరికి కూడా దురద – ఈ మూడూ కలిస్తే గజ్జి అయి ఉండే అవకాశం చాలా ఎక్కువ. మణికట్టు, చంకలు, బొడ్డు చుట్టూ, నడుము, పిరుదులు, మర్మాంగాలు, స్త్రీలలో చనుమొనల చుట్టూ కూడా పొక్కులు వస్తాయి. పెద్దవారిలో ముఖం మీద, తల మీద సాధారణంగా రావు. పసిపిల్లలలో మాత్రం అరచేతులు, అరికాళ్లు, తలమీద కూడా వస్తాయి.

మొదటిసారి గజ్జి సోకిన వారికి దురద మొదలుకావడానికి 4 నుండి 6 వారాలు పడుతుంది. ఆ కాలంలో వారికి ఏ బాధా ఉండదు. అయినా వారినుండి ఇతరులకు సోకుతుంది. అందుచేతనే దురద ఉన్నవారికి మాత్రమే మందు రాస్తే గజ్జి ఆ ఇంటినుండి పోదు. ఈ నెల బాబుకు తగ్గితే, వచ్చే నెల నానమ్మ నుండి తిరిగి వస్తుంది.

చికిత్స: వైద్యులు ఎక్కువగా 5 శాతం పర్మెత్రిన్ క్రీము రాస్తారు. దానిని రాత్రి పూట మెడ నుండి అరికాళ్ల వరకు, వేళ్ల సందులు, గోళ్ల కింద వదలకుండా పట్టించి, 8 నుండి 14 గంటల తరువాత స్నానం చేయాలి. ఒక వారానికి మళ్లీ రాయాలి. ఇంట్లోని వారందరూ ఒకే రోజున రాసుకోవాలి. పసిపిల్లలకు, గర్భిణులకు ఎంత, ఎలా రాయాలో వైద్యుడే చెప్పాలి. ఆ రోజు వాడిన దుస్తులు, దుప్పట్లు వేడినీటిలో ఉతికి ఎండలో ఆరవేయాలి. ఉతకడానికి వీలులేని వాటిని సంచిలో మూతికట్టి ఒక వారం పక్కన ఉంచితే చాలు. మనిషి ఒంటిని విడిచిన పురుగు సాధారణంగా 2, 3 రోజులకు మించి బ్రతకదు.

పురుగు చచ్చిన తరువాత కూడా దురద 2 నుండి 4 వారాలు ఉండవచ్చు. అంతమాత్రాన మందు పనిచేయలేదనుకొని రోజూ రాయరాదు.

గజ్జి మురికి మనుషులకే వస్తుందన్నది అపోహ. చర్మానికి చర్మం ఎక్కువసేపు తగిలే చోట, అంటే ఒకే పక్కమీద పడుకొనే కుటుంబాలలో, వసతిగృహాలలో ఎవరికైనా వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో గజ్జిని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది.

14.6 శిలీంధ్ర వ్యాధులు

14.6.1 తామర

తామర శిలీంధ్రాల వల్ల వస్తుంది. ఈ శిలీంధ్రాలు చర్మం, వెంట్రుకలు, గోళ్లలో ఉండే కెరటిన్ అనే మాంసకృత్తును ఆహారంగా తీసుకొంటాయి.

తామర మచ్చ గుండ్రంగా మొదలై అంచుల వైపు పెరుగుతుంది. అంచు ఉబ్బి, పొట్టుతో, చిన్న చిన్న పొక్కులతో స్పష్టంగా ఉంటుంది. మధ్యభాగం కొంత మాని, మామూలు చర్మం వలె కనిపిస్తుంది. అందుచేత మచ్చ చక్రం వలె ఉంటుంది. చెమట పట్టినప్పుడు దురద ఎక్కువవుతుంది. గజ్జలు, నడుము, పిరుదులు, చంకలు, స్త్రీలలో రొమ్ముల కింది భాగం దీనికి అనువైన చోట్లు. లంగా బొందు, బెల్టు, బిగుతైన జీన్సు ఒరుసుకొనే చోట ఎక్కువగా చూస్తాం.

పిల్లల తలమీద తామర వస్తే ఆ చోట వెంట్రుకలు విరిగి, పొట్టు కట్టిన బట్టతల మచ్చలు ఏర్పడతాయి. తలలో వచ్చే తామర పైపూతలతో మాత్రమే తగ్గదు. మాత్రలు కూడా అవసరమవుతాయి. నీటిలో, బురదలో ఎక్కువసేపు పనిచేసే వారి కాలివేళ్ల సందులలో చర్మం తెల్లగా నాని, చీలి, వాసన వేస్తే అది కూడా చాలాసార్లు శిలీంధ్ర వ్యాధే.

14.6.2 క్రీముతో వచ్చే ముప్పు

ఒక ఉదాహరణ తీసుకొందాం. దుకాణంలో రోజంతా నిలబడి పనిచేసే యువకునికి గజ్జల్లో తామర వచ్చింది. సిగ్గుపడి వైద్యుని వద్దకు వెళ్లలేదు. స్నేహితుడు చెప్పిన ట్యూబు కొని రాశాడు. రెండు రోజుల్లో దురద పోయింది. మానేశాడు. వారంలో తిరిగి వచ్చింది. మళ్లీ రాశాడు. ఆరు నెలలు గడిచేసరికి మచ్చలు తొడలకు, పొట్టకు పాకాయి. ఇంట్లో మరో ఇద్దరికి అంటుకొంది. గజ్జల్లో చర్మం పలుచబడి చారలు పడింది.

ఇలా ఎందుకు జరిగింది? అటువంటి ట్యూబులలో చాలావాటిలో శిలీంధ్రాన్ని చంపే మందుతో పాటు గాఢమైన స్టెరాయిడ్ కూడా కలిసి ఉంటుంది. స్టెరాయిడ్ దురదను, వాపును అణచివేస్తుంది. శిలీంధ్రంతో పోరాడే శరీరపు శక్తిని కూడా ఆ చోట అణచివేస్తుంది. మనకు హాయిగా ఉంటుంది, శిలీంధ్రానికి ఇంకా హాయిగా ఉంటుంది. పైగా తామరను గుర్తుపట్టడానికి ఉపయోగపడే చక్రం వంటి అంచు చెరిగిపోతుంది. అప్పుడు వైద్యునికి కూడా వ్యాధిని పోల్చుకోవడం కష్టమవుతుంది.

ఈ సమస్య మన దేశంలో ఎంత పెరిగిందంటే, 2018లో కేంద్ర ప్రభుత్వం పైపూతగా వాడే 14 స్టెరాయిడ్ మందులను వైద్యుని చీటీ లేకుండా అమ్మకుండా షెడ్యూలు హెచ్ నియమాల కిందికి తెచ్చింది. అయినప్పటికీ చీటీ అడగకుండా అమ్మే దుకాణాలు ఉన్నాయి. మరొక సంగతి, భారత్, నేపాల్ దేశాలకు చెందిన రోగుల నుండి జపాన్ శాస్త్రజ్ఞులు వేరుచేసిన ఒక కొత్త తామర శిలీంధ్రానికి 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటీనియే అని పేరు పెట్టారు. తామరకు ఎక్కువగా వాడే టెర్బినాఫిన్ మందుకు ఇది చాలాసార్లు లొంగదు. 2023లో అమెరికాలో కూడా దీని మొదటి కేసులను ప్రకటించారు.

తామర వచ్చినవారు పాటించవలసినవి:

– వైద్యుడు చెప్పినంత కాలం మందు వాడాలి. దురద తగ్గగానే మానరాదు.
– మచ్చ మీదనే కాక, చుట్టూ రెండు వేళ్ల వెడల్పు మేర మందు రాయాలి.
– స్నానం తరువాత ఒళ్లు, ముఖ్యంగా మడతలు, పూర్తిగా ఆరనివ్వాలి. వదులైన నూలు దుస్తులు ధరించాలి.
– తువ్వాలు, లోదుస్తులు ఎవరివి వారే వాడాలి. వాటిని విడిగా ఉతికి, తిరగేసి ఎండలో ఆరవేయాలి.
– ఇంట్లో ఇతరులకు ఉంటే అందరూ ఒకేసారి చికిత్స తీసుకోవాలి.

14.6.3 శోభి

కొన్ని చోట్ల సిబ్బెం అని కూడా అంటారు. ఛాతీ, వీపు, మెడ, భుజాల మీద చిన్న చిన్న తెల్లని లేదా లేత గోధుమ రంగు మచ్చలు వచ్చి ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. గోటితో మెల్లగా గీరితే పిండి వంటి సన్నని పొట్టు రాలుతుంది. దురద ఉండదు, లేదా చెమట పట్టినప్పుడు కొద్దిగా ఉంటుంది. స్పర్శ మామూలుగానే ఉంటుంది.

దీనికి కారణమైన శిలీంధ్రం చాలామంది చర్మంపై సహజంగానే ఉంటుంది. ఉక్కపోతలో, జిడ్డు చర్మం వారిలో ఎక్కువగా పెరుగుతుంది. కాబట్టి ఇది ఒకరినుండి మరొకరికి అంటే వ్యాధి కాదు. చికిత్సతో శిలీంధ్రం త్వరగానే పోయినా చర్మానికి అసలు రంగు రావడానికి కొన్ని నెలలు పడుతుంది.

పాఠ్యగత ప్రశ్నలు 14.2

1. గజ్జికి ఇంట్లో అందరూ ఒకే రోజున ఎందుకు మందు రాసుకోవాలి?
2. తామర మచ్చకు, శోభి మచ్చకు గల రెండు తేడాలు రాయండి.
3. స్టెరాయిడ్ కలిసిన క్రీము రాసినప్పుడు తామర తగ్గినట్లు ఎందుకు అనిపిస్తుంది?

14.7 బాక్టీరియా వల్ల వచ్చే వ్యాధులు

చీముపొక్కులు: వైద్యులు ఇంపెటిగో అనే ఈ వ్యాధి పిల్లలలో ఎక్కువ. ముక్కు, నోటి చుట్టూ, కాళ్ల మీద చిన్న పొక్కులు లేచి, చిట్లి, తేనె రంగు పక్కు కడతాయి. ఎండిన బెల్లం పాకం అతికించినట్లు కనిపించే ఆ పక్కే దీనికి గుర్తు. ఇది ఒకరినుండి మరొకరికి త్వరగా సోకుతుంది. గజ్జిని గోకిన చోట కూడా తరచుగా వస్తుంది. పక్కును సబ్బునీటితో నానబెట్టి మెల్లగా తీసి, వైద్యుడు చెప్పిన మందు రాయాలి. దీనికి కారణమయ్యే స్ట్రెప్టోకాకస్ రకం బాక్టీరియా వల్ల, పుళ్లు మానిన కొన్ని వారాలకు మూత్రపిండాల వాపు రావచ్చు. పుళ్లు వచ్చిన పిల్లవాని ముఖం ఉబ్బినా, మూత్రం తగ్గినా, నల్ల టీ రంగులో వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

సెగ్గడ్డలు: వెంట్రుక కుదురులో చీముపట్టి, వేడిగా, నొప్పిగా గడ్డ లేస్తుంది. వేడినీటిలో ముంచి పిండిన గుడ్డతో రోజుకు మూడు నాలుగుసార్లు కాపడం పెడితే చిన్న గడ్డలు చాలావరకు తగ్గుతాయి. గడ్డను పిసకరాదు. ముఖ్యంగా ముక్కు, పైపెదవి దగ్గర వచ్చిన గడ్డను చిదిమితే చీము లోపలికి పాకి ప్రమాదం కలుగవచ్చు. అనేక రంధ్రాల నుండి చీము కారే పెద్ద గడ్డను రాచపుండు అంటారు. గడ్డలు మాటిమాటికి వస్తుంటే రక్తంలో చక్కెర పరీక్ష తప్పక చేయించుకోవాలి.

సెల్యులైటిస్: బాక్టీరియా చర్మం లోపలి పొరలకు పాకినప్పుడు, సాధారణంగా ఒక కాలు, వేడిగా వాచి, తాకనివ్వని నొప్పితో, జ్వరంతో ఉంటుంది. ఇది ఇంటివైద్యంతో తగ్గేది కాదు. బోదకాలు ఉన్నవారికి వేళ్ల సందుల్లోని చిన్న పుండు గుండా ఇది పదేపదే వస్తుంది. గోదావరి జిల్లాల వంటి బోదకాలు ప్రాంతాలలో రోజూ కాలిని సబ్బుతో కడిగి, వేళ్ల సందులు పొడిగా తుడుచుకోవాలని ఆరోగ్య కార్యకర్తలు పదేపదే చెప్పడానికి కారణం ఇదే.

14.8 వైరస్ వల్ల వచ్చే వ్యాధులు

ఆటలమ్మ: జ్వరంతో మొదలై, ముందు ఛాతీ, వీపు, ముఖం మీద, తరువాత చేతులు, కాళ్ల మీద పొక్కులు వస్తాయి. ఒకే సమయంలో ఎర్రని మచ్చలు, నీటిపొక్కులు, పక్కు కట్టినవి అన్నీ కలిసి కనిపించడం దీని ప్రత్యేకత. పొక్కులు రావడానికి ఒకటి రెండు రోజుల ముందు నుండి, అన్నీ పక్కు కట్టేవరకు ఇది ఇతరులకు అంటుతుంది. కొన్ని ఇళ్లలో అమ్మవారు పోసిందని స్నానం చేయించరు. గోరువెచ్చని నీటితో స్నానం చేయించడం వల్ల నష్టం లేదు, పొక్కులలో చీము పట్టకుండా మేలు కలుగుతుంది. వేపమండలు దగ్గర ఉంచుకోవచ్చు, కానీ వైద్యాన్ని ఆపరాదు. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వరాదు. గర్భిణులకు, పెద్దవారికి, నెలల పసికందులకు ఆటలమ్మ ప్రమాదకరం కావచ్చు కాబట్టి వెంటనే వైద్యునికి చూపాలి. దీనికి టీకా ఉంది.

సర్పి: వైద్యులు హెర్పిస్ జోస్టర్ అంటారు. ఎప్పుడో వచ్చిపోయిన ఆటలమ్మ వైరస్ నాడులలో దాగి ఉండి ఏళ్ల తరువాత మేల్కొంటుంది. శరీరానికి ఒక పక్కన మాత్రమే, పట్టీ కట్టినట్లు, మంటతో నీటిపొక్కులు వస్తాయి. నడుము చుట్టూ తిరిగి తల, తోక కలిస్తే మనిషి చనిపోతాడన్నది వట్టి భయం. మందులు 72 గంటలలోపు మొదలుపెడితే మేలు ఎక్కువ. కంటి దగ్గర, ముక్కు కొనమీద పొక్కులు వస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

పులిపిర్లు: గరుకుగా, చర్మం మీద పైకి లేచి ఉండే చిన్న గడ్డలు. చాలావరకు హాని లేనివి. బ్లేడుతో కోయడం, సున్నం పెట్టడం చేయరాదు.

14.9 కుష్ఠు – దురద లేని మచ్చ

కుష్ఠువ్యాధికి కారణమైన బాక్టీరియాను నార్వే వైద్యుడు హాన్సెన్ 1873లో కనుగొన్నాడు. ఈ బాక్టీరియా చాలా నెమ్మదిగా పెరుగుతుంది. సోకిన తరువాత లక్షణాలు కనిపించడానికి సగటున 5 సంవత్సరాలు, ఒక్కొక్కసారి 20 సంవత్సరాలు పడుతుంది. ఇది చర్మంతో పాటు నాడులను దెబ్బతీస్తుంది. నొప్పిని తెలిపే నాడే దెబ్బతింటుంది కాబట్టి మచ్చ నొప్పి పుట్టదు.

మొదటి లక్షణాలు: చర్మం రంగు కంటే పాలిపోయిన లేదా రాగిరంగు మచ్చ. దురద ఉండదు. ఆ చోట చెమట పట్టదు, వెంట్రుకలు పలచబడతాయి. స్పర్శ తగ్గుతుంది. కొందరిలో మచ్చలు లేకుండానే చెవితమ్మెలు, ముఖం మందంగా, నిగనిగలాడుతూ ఉంటాయి. చేతులు, కాళ్లు తిమ్మిరెక్కడం, వేడి తెలియక వంట దగ్గర చేయి కాలడం, చెప్పు జారిపోయినా తెలియకపోవడం కూడా గుర్తులే.

స్పర్శ పరీక్ష: దూదిని సన్నని వత్తిగా చేసుకోండి. ముందుగా పరీక్ష చేయించుకొనేవారికి ఏమి చేస్తారో చెప్పి, కళ్లు తెరిచి ఉండగా మామూలు చర్మంపై తాకి చూపండి. తరువాత కళ్లు మూసుకోమని, తాకిన ప్రతిసారి ఆ చోటును ఒక వేలితో చూపమనండి. మామూలు చర్మాన్ని, మచ్చను మార్చి మార్చి తాకండి. దూదితో రాయరాదు, ఊరకే తాకాలి. మచ్చమీద తాకినప్పుడు చూపలేకపోతే వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపాలి. అయితే స్పర్శ ఉన్నంత మాత్రాన కుష్ఠు కాదని నిర్ధారించుకోరాదు. ముఖం మీది మచ్చలలో, ఎక్కువ మచ్చలు ఉన్న రోగులలో స్పర్శ మామూలుగా ఉండవచ్చు. మచ్చ తగ్గకుండా ఉంటే ఎలాగైనా చూపించుకోవాలి.

చికిత్స: ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో సిఫారసు చేసిన బహుళ ఔషధ చికిత్స వల్ల కుష్ఠు పూర్తిగా నయమవుతుంది. వ్యాధి రకాన్ని బట్టి 6 లేదా 12 నెలలు మందులు వాడాలి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఈ మందులు ఉచితం. చికిత్స మొదలైన కొద్ది రోజులకే రోగి నుండి ఇతరులకు వ్యాధి సోకడం ఆగిపోతుంది. రోగిని ఇంటినుండి వేరుచేయవలసిన అవసరం లేదు. దీర్ఘకాలం దగ్గరగా మెలిగితేనే ఇది సోకుతుంది, అదికూడా ఎక్కువమందికి సహజంగానే దీనిని ఎదుర్కొనే శక్తి ఉంటుంది.

కుష్ఠు వల్ల వేళ్లు కుళ్లి ఊడిపోతాయని చాలామంది నమ్ముతారు. తమిళనాడులోని వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో 1940ల చివరి నుండి పనిచేసిన శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్, ఆ పుళ్లకు ప్రధాన కారణం నొప్పి తెలియకపోవడమేనని చూపాడు. నొప్పి తెలియని చేయి కాలుతుంది, తెగుతుంది, పుండు పడుతుంది. రోగి దానిని గమనించడు. అందువల్ల పుండు పెరుగుతుంది. నాడులు దెబ్బతినకముందే వ్యాధిని గుర్తిస్తే వైకల్యాన్ని నివారించవచ్చు. దెబ్బతిన్న నాడులు తరచుగా పూర్తిగా కోలుకోవు.

మన దేశం 2005 డిసెంబరు నాటికి జాతీయ స్థాయిలో కుష్ఠును ప్రతి 10,000 మందికి ఒక కేసు కంటే తక్కువకు తెచ్చింది. కానీ వ్యాధి పోలేదు. 2022లో కూడా దేశంలో లక్షకు పైగా కొత్త కేసులు బయటపడ్డాయి. భయం, సిగ్గు వల్ల దాచిపెట్టడమే ఆలస్యానికి పెద్ద కారణం. చట్టాలు కూడా మారుతున్నాయి. కుష్ఠును విడాకులకు కారణంగా చూపే నిబంధనలను పార్లమెంటు 2019లో వ్యక్తిగత చట్టాల నుండి తొలగించింది.

ప్రతి తెల్లమచ్చా కుష్ఠు కాదు. బొల్లి మచ్చ పాలవలె తెల్లగా ఉంటుంది, స్పర్శ మామూలుగా ఉంటుంది. అది అంటువ్యాధి కాదు.

14.10 కృత్యం

మీ ఇంట్లో ఉన్న చర్మపు క్రీముల ట్యూబులన్నీ బయటకు తీయండి. వాటిమీద చిన్న అక్షరాలలో రాసి ఉన్న మందుల పేర్లు చదవండి. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్, బెక్లోమెథసోన్ అన్న పేర్లలో ఏదైనా ఉంటే అది స్టెరాయిడ్ కలిసిన క్రీము. దానిని ఎవరు, ఎవరి సలహాపై, ఎన్ని రోజులుగా రాస్తున్నారో అడిగి రాసుకోండి. ఆ కాగితాన్ని, ట్యూబును వైద్యుని వద్దకు తీసుకువెళ్లండి. చాలాకాలం రాస్తున్నవారు వైద్యుడు చెప్పిన పద్ధతిలో మానాలి.

పాఠ్యగత ప్రశ్నలు 14.3

1. తేనె రంగు పక్కు ఏ వ్యాధికి గుర్తు?
2. సర్పి పొక్కులు ఆటలమ్మ పొక్కుల నుండి ఏ విధంగా భిన్నంగా ఉంటాయి?
3. కుష్ఠు మచ్చలో నొప్పి ఎందుకు ఉండదు?

14.11 మీరేం నేర్చుకొన్నారు

– రాత్రి దురద, వేళ్ల సందుల్లో పొక్కులు, ఇంట్లో ఇతరులకు కూడా దురద: గజ్జి కావచ్చు.
– చక్రం వంటి మచ్చ, పొట్టు కట్టిన అంచు: తామర కావచ్చు. స్టెరాయిడ్ రాయరాదు.
– ఛాతీ, వీపుమీద పిండివంటి పొట్టు రాలే చిన్న మచ్చలు: శోభి కావచ్చు.
– తేనె రంగు పక్కు: చీముపొక్కులు.
– ఒక పక్కనే మంటతో పట్టీ వంటి పొక్కులు: సర్పి.
– దురద, నొప్పి, స్పర్శ లేని మచ్చ: కుష్ఠు కావచ్చు. ఆలస్యం చేయరాదు.
– జ్వరంతో వేగంగా పాకే వాపు, చర్మం నల్లబడడం, కంటి దగ్గర పొక్కులు, పసిపిల్లలలో చీముపొక్కులు: అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

14.12 పాఠాంత ప్రశ్నలు

1. చర్మవ్యాధిని పరిశీలించే మూడు మెట్లను ఉదాహరణలతో వివరించండి.
2. "దురద తగ్గింది కాబట్టి వ్యాధి తగ్గింది." ఈ వాక్యం ఎందుకు సరికాదో తామర ఆధారంగా చర్చించండి.
3. మీ పొరుగున ఉన్న ఒకరికి వీపుమీద రెండేళ్లుగా పాలిపోయిన మచ్చ ఉంది. బాధ లేదని ఆమె చూపించుకోవడం లేదు. ఆమెకు మీరు ఏమి చెబుతారు?
4. గజ్జి, కుష్ఠు వ్యాధుల గురించి మీ ప్రాంతంలో ఉన్న అపోహలను రాసి, వాటికి సమాధానాలు రాయండి.

14.13 పాఠ్యగత ప్రశ్నలకు జవాబులు

14.1
1. అంతశ్చర్మంలో.
2. కృత్రిమమైన వెలుగులో పాలిపోయిన మచ్చలు సరిగా కనిపించవు.
3. చేతి వెనుక భాగంతో తాకి, రెండవ పక్కతో వేడిని పోల్చి చూడాలి.

14.2
1. దురద మొదలుకాని వారిలో కూడా పురుగు ఉండవచ్చు. వారినుండి మిగిలినవారికి వ్యాధి తిరిగి వస్తుంది.
2. తామర మచ్చ చక్రం వలె, ఉబ్బిన అంచుతో, ఎక్కువ దురదతో ఉంటుంది; ఇతరులకు అంటుతుంది. శోభి మచ్చలు చిన్నవిగా, సన్నని పొట్టుతో, దాదాపు దురద లేకుండా ఉంటాయి; అంటవు.
3. స్టెరాయిడ్ దురదను, వాపును అణచివేస్తుంది. శిలీంధ్రం మాత్రం పెరుగుతూనే ఉంటుంది.

14.3
1. చీముపొక్కులకు, అంటే ఇంపెటిగోకు.
2. సర్పి శరీరానికి ఒక పక్కనే పట్టీ వలె వస్తుంది. ఆటలమ్మ ఒళ్లంతా వస్తుంది.
3. నొప్పిని, స్పర్శను తెలిపే నాడులు దెబ్బతినడం వల్ల.